పర్యావరణ మేజర్ మొదలుపెట్టబోతున్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల అకడమిక్ కౌన్సిళ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కౌన్సిల్ సభ్యులకు,

నమస్కారం. పర్యావరణ అధ్యయనాల మేజర్ (డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు) పెట్టాలనుకున్న కాలేజీల్లో తొలి ముసాయిదా దాదాపు ఒకే తీరుగా తయారవుతుంది. అన్ని విభాగాల కోర్సుల జాబితా ముందేసుకుంటారు. పేరులో పర్యావరణం, ప్రకృతి, వాతావరణం అనే మాటలున్న వాటిని ఏరతారు. సైన్సు నుంచి నాలుగు, సామాజిక శాస్త్రాల నుంచి మూడు, సాహిత్యం, తత్వశాస్త్రం, చరిత్రల నుంచి రెండు తీసుకోవాలంటారు. చివర్లో ఒక ప్రాజెక్టు తగిలిస్తారు. కొత్త అధ్యాపకులు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, ఏ విభాగం కుర్చీ కదలదు. కౌన్సిల్‌లో చిటికెలో ఆమోదం దొరుకుతుంది.

మా అభ్యంతరం ఆ ముసాయిదా మీదే. అందులో పది విభాగాలు ఉంటాయి కానీ ఏ రెండూ ఒకదానికొకటి జవాబు చెప్పుకోవాల్సిన చోటు ఒక్కటీ ఉండదు. అర్థశాస్త్రం క్లాసులో కార్బన్ పన్ను విన్న విద్యార్థి, ఎకాలజీ క్లాసులో నత్రజని చక్రం విన్న విద్యార్థి ఒకరే. ఆ రెండింటినీ కలిపే పనిని మాత్రం అధ్యాపకులెవరూ చేయరు, పంతొమ్మిదేళ్ల పిల్లల నెత్తిన పెడతారు. అధ్యాపకులకే చేతకాని పని వాళ్లకెలా చేతనవుతుంది?

విభాగాలు కలవడమంటే మా ఉద్దేశం ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ నగరం 2014 ఏప్రిల్‌లో తాగునీటి వనరును మార్చింది. అప్పటిదాకా డెట్రాయిట్ వ్యవస్థ ద్వారా వచ్చే హ్యూరాన్ సరస్సు నీటిని వాడేది. ఖర్చు తగ్గించుకోవడానికి ఫ్లింట్ నది నీటికి మళ్లింది. నది నీటిలో క్లోరైడ్ ఎక్కువ, పైగా పైపుల తుప్పును అదుపు చేసే ఆర్థోఫాస్ఫేట్‌ను కలపలేదు. పాత సీసపు పైపుల లోపల ఏళ్ల తరబడి పేరుకుని రక్షణగా ఉన్న పొర కరిగిపోయి, సీసం నీటిలోకి దిగింది. ఇంతవరకూ రసాయన శాస్త్రం. అదే ఏడాది అక్టోబరులో జనరల్ మోటార్స్ కర్మాగారం యంత్ర భాగాలు తుప్పు పడుతున్నాయని ఆ నీటిని మానేసింది. ఇళ్లకు మాత్రం అదే నీరు మరో ఏడాది పాటు వెళ్లింది. ఎందుకు? ఈ ప్రశ్నకు రసాయన శాస్త్రంలో జవాబు లేదు. అప్పట్లో నగరపాలన రాష్ట్రం నియమించిన ఎమర్జెన్సీ మేనేజర్ చేతిలో ఉంది. ఎన్నికైన కౌన్సిల్‌కు అధికారం లేదు. అంటే రాజనీతి శాస్త్రం, న్యాయశాస్త్రం. నగరం ఆర్థికంగా అంతగా ఎందుకు చితికిపోయింది, సీసపు పైపులు, పాత ఇళ్లు ఏ బస్తీల్లో మిగిలాయి, అక్కడ ఎవరుంటున్నారు? అది చరిత్ర.

ఇక గణాంకశాస్త్రం చూడండి. అప్పటి అమెరికా నిబంధన ప్రకారం నమూనాల్లో పదోవంతుకు మించి లీటరుకు 15 మైక్రోగ్రాముల సీసం దాటితే చర్య తీసుకోవాల్సి ఉండేది. 2015 తొలి ఆరునెలల్లో ఫ్లింట్ 71 నమూనాలు సేకరించింది. అధికారులు వాటిలో రెండింటిని అర్హత లేనివంటూ తీసేశారు. ఆ రెండూ సీసం ఎక్కువున్నవే. 71లో ఎనిమిది హద్దు దాటితే పదోవంతు మించినట్టు, 69లో ఆరు దాటితే మించనట్టు. రెండు సీసాలు పక్కన పెట్టగానే ఊరంతా క్షేమమైపోయింది. ఈ పదోవంతు ఎలా లెక్కిస్తారో తెలియని న్యాయ విద్యార్థికి ఇక్కడ మోసం కనబడదు. ఏ నమూనా చెల్లుతుందో నిర్ణయించేది నిబంధన అని తెలియని గణిత విద్యార్థికి కూడా కనబడదు. రెండూ తెలిసిన వాళ్లకే కనబడుతుంది. మేజర్ అంటే ఆ చూపు ఇవ్వాలి.

కాబట్టి మొదటి కోర్సును విభాగాల పరిచయంగా పెట్టకండి. ఒకే ఒక సమస్యను తీసుకుని సెమిస్టరంతా దానితోనే నడపండి. ఇద్దరు అధ్యాపకులుండాలి, ఒకరు ప్రయోగశాల వైపు నుంచి, మరొకరు సామాజిక శాస్త్రాల నుంచో మానవీయ శాస్త్రాల నుంచో. ఇద్దరూ ప్రతి క్లాసులోనూ కూర్చోవాలి. ఇద్దరికీ పూర్తి కోర్సు బోధనా భారం లెక్కగట్టాలి. సగం సగం అని లెక్కగడితే ఏమవుతుందో ముందే చెప్పొచ్చు: ఒకరు సోమవారం, మరొకరు బుధవారం వస్తారు, లేదా తొలి ఏడు వారాలు నీవి, మలి ఏడు నావి అని పంచుకుంటారు. రెండు అరకోర్సులు ఒకే నంబరు కింద నడుస్తాయి. డీన్‌గారికి ఇది ఖర్చుగా కనిపిస్తుందని మాకు తెలుసు. కనీసం మొదటి రెండు విడతలకైనా పూర్తి భారం ఇవ్వండి. ఒకరి వాదన మరొకరికి ఒంటబట్టాక తగ్గించుకోవచ్చు.

వారానికో అతిథి ఉపన్యాసకుడు అనే పద్ధతి ఇంకా హానికరం. పద్నాలుగు వారాలు, పద్నాలుగు మంది. ప్రతి ఒక్కరూ తమ శాస్త్రం అంటే ఏమిటో మొదటి నుంచి చెబుతారు, ముందువారం వచ్చినాయన ఏం చెప్పాడో తెలియదు, పరీక్ష పేపరు మాత్రం సమన్వయకర్త ఒక్కడే రాస్తాడు. విద్యార్థుల అభిప్రాయ పత్రాల్లో దీనికి మంచి మార్కులే వస్తాయి, వైవిధ్యం ఉంది కదా. వాటిని చూసి మోసపోకండి.

రెండో ఏడాది నుంచి ప్రతి విద్యార్థికీ ఒక సొంత శాస్త్రం ఉండాలి. ఈ విషయంలో మేము మొండివాళ్లమే. అన్నింటిలోనూ ప్రవేశస్థాయి కోర్సులు చదివినవాడు ఏ శాస్త్రంలోనూ పని చేయలేడు, చేసినవాళ్ల పనిని తప్పుపట్టనూ లేడు. కనీసం ఐదు కోర్సులు ఒకే విభాగంలో, ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పైస్థాయి దాకా వెళ్లాలి. మేజర్ మొత్తం పదకొండో పన్నెండో కోర్సులైతే దాదాపు సగం ఇవే.

ఇక్కడొక గుంట ఉంది, చాలా ముసాయిదాలు అందులోనే పడతాయి. పైస్థాయి ఎకాలజీ కోర్సు తీసుకోవాలంటే ముందు రెండు బయాలజీ, ఒక కెమిస్ట్రీ, ఒక స్టాటిస్టిక్స్ పూర్తి చేయాలని ఆ విభాగం నిబంధన ఉంటుంది. ముసాయిదాలో ఒక్క కోర్సుగా కనిపించేది నిజానికి ఐదు. కాగితం మీద పన్నెండు కోర్సుల మేజర్ ఆచరణలో పదహారో పదిహేడో అవుతుంది. నాలుగేళ్లలో మొత్తం 32 కోర్సులు చదివే కాలేజీలో అది సగం. రెండో ఏడాది చివర్లో మేజర్ ప్రకటించిన విద్యార్థికి సైన్సు దారి అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. అందుకని ప్రతి ఐచ్ఛిక కోర్సు పక్కన దాని ముందస్తు కోర్సులన్నీ లెక్కపెట్టి రాయమని అడగండి. ఆ అంకె చూశాక కొన్ని విభాగాలు ముందస్తు నిబంధన సడలిస్తాయి, కొన్ని ససేమిరా అంటాయి. ఏదైనా ముందే తెలియడం మేలు.

మూడో ఏడాదిలో పద్ధతుల కోర్సు. దీన్ని ఒక్క గణాంకశాస్త్రానికి కుదించకండి, అలాగని గణాంకాలను వదిలేయకండి. మా అనుభవంలో విద్యార్థులు తప్పటడుగు వేసేది పెద్ద సిద్ధాంతాల దగ్గర కాదు, కొలతల దగ్గర. నైట్రేట్ సంగతే చూడండి. అమెరికా పరిమితి లీటరుకు 10 మిల్లీగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం 50. ఇది చూసి ఒకటి ఐదు రెట్లు కఠినమని రాసేస్తారు. మొదటిది నైట్రేట్‌లోని నత్రజనిని మాత్రమే లెక్కిస్తుంది, రెండోది మొత్తం నైట్రేట్ అయాన్‌ను. 10ని సుమారు 4.43తో హెచ్చవేస్తే 44 వస్తుంది. రెండు ప్రమాణాలూ దాదాపు ఒకటే. ఈ ఒక్క పొరపాటు మీద ఒక విధాన వ్యాసమంతా నిలబడటం అరుదేమీ కాదు.

పరికరం గుర్తించగల కనిష్ఠ స్థాయి కన్నా తక్కువ వచ్చిన ఫలితాలది మరో చిక్కు. పట్టికలో ఖాళీగా ఉన్నాయని కొందరు వాటిని తీసేస్తారు, అప్పుడు సగటు అమాంతం పెరుగుతుంది. కొందరు సున్నా వేస్తారు, అప్పుడు తగ్గుతుంది. ఆ స్థాయిలో సగం వేసే అలవాటు కూడా ఉంది, అది కూడా ఊహే. ఏం చేశారో, ఎందుకు చేశారో రాయడం తప్పనిసరి చేయండి.

నమూనా సేకరణను ప్రయోగశాల సహాయకుడికి వదిలేయకుండా చరిత్ర, సాహిత్యం విద్యార్థులతో కూడా చేయించాలి. కుళాయి నీటిలో సీసం చూడాలంటే నీరు పైపులో కనీసం ఆరు గంటలు కదలకుండా ఉండాలి, ఆ తర్వాత తిప్పిన వెంటనే వచ్చే మొదటి లీటరు పట్టాలి. పట్టడానికి ముందు రాత్రి కుళాయి కాసేపు వదిలి ఉంచమని సూచిస్తే సీసం తక్కువగా కనిపిస్తుంది. ఫ్లింట్‌లో ఇళ్లవాళ్లకిచ్చిన సూచనల మీద వచ్చిన వివాదం అదే. లోహాల కోసం తీసిన నమూనాలో నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కన్నా కిందికి తేవాలి, లేకపోతే లోహం సీసా గోడలకు అంటుకుంటుంది. నైట్రేట్ నమూనాను చల్లగా ఉంచి 48 గంటల్లోపు పరీక్షించాలి. శుక్రవారం సాయంత్రం తెచ్చి సోమవారం చూద్దామంటే కుదరదు. పది నమూనాలకొకటి చొప్పున జంట నమూనా (అదే చోట తీసిన రెండో నమూనా), శుద్ధజలంతో నింపిన ఖాళీ నమూనా ఉండాలి. సీసాలోనే కాలుష్యం ఉందా అన్నది తేల్చేది ఆ ఖాళీ నమూనాయే. దీన్ని స్వయంగా చేసిన తత్వశాస్త్ర విద్యార్థి ఆ తర్వాత ఏ నివేదికలోని అంకెనూ గుడ్డిగా నమ్మడు. అదే సమయంలో, అంకెలన్నీ అబద్ధాలని కొట్టిపారేయడు కూడా.

ఇదే కోర్సులో సైన్సు విద్యార్థులు ఇంటర్వ్యూలు చేయాలి. మనుషులతో చేసే పరిశోధనకు నైతిక సమీక్ష కమిటీ అనుమతి కావాలి, దానికి వారాలు పడుతుంది. ఐదో వారంలో దరఖాస్తు పెడితే పదో వారానికి అనుమతి, పదకొండో వారంలో తొలి ఇంటర్వ్యూ, పద్నాలుగో వారంలో నివేదిక. ఇక విశ్లేషణ ఎక్కడ? కోర్సు మొత్తానికి అధ్యాపకుడే సెమిస్టరు మొదలవక ముందు ఒకే అనుమతి తీసుకుని, విద్యార్థులు దాని పరిధిలో పనిచేయాలి. ఎవరి ఇంటి నీటిలోనైనా సీసం ఎక్కువ తేలితే ఆ సంగతి ఎవరు చెప్పాలి, ఎన్ని గంటల్లో చెప్పాలి, పసిపిల్లలున్న ఇల్లయితే ఇంకేం చేయాలి? ఇవి ఆ దరఖాస్తులోనే రాసుండాలి. ఫలితం వచ్చాక చర్చించుకుంటే అప్పటికే ఆలస్యం.

ఇక మానవీయ శాస్త్రాల గురించి. చాలా మేజర్లలో వీటిని సైన్సు చెప్పినదాన్ని అందంగా జనానికి చేరవేసే శాఖగా చూస్తారు. పోస్టరు రాయించడానికి సాహిత్యం వాళ్లు, చివరి అధ్యాయంలో రెండు నీతివాక్యాలకు తత్వశాస్త్రం వాళ్లు. ఇది ఆ శాస్త్రాలను అవమానించడమే కాక సైన్సుకూ నష్టం. వాతావరణ మార్పు ఆర్థికశాస్త్రంలో డిస్కౌంట్ రేటు, అంటే భవిష్యత్తు నష్టాన్ని నేటి విలువకు తగ్గించి లెక్కగట్టే రేటు, తీసుకోండి. నూరేళ్ల తర్వాత జరగబోయే 100 యూనిట్ల నష్టానికి ఈరోజు విలువెంత? ఏడాదికి 1.4 శాతం చొప్పున తగ్గిస్తే సుమారు 25. 4 శాతం చొప్పున తగ్గిస్తే 2. ఒకే నష్టం, ఒకే లెక్క, పన్నెండు రెట్లకు పైగా తేడా. ఇప్పుడే భారీగా ఖర్చు పెట్టాలా, నెమ్మదిగా వెళ్లాలా అన్న వాదంలో చాలాభాగం ఈ రేటు మీదే ఆధారపడి ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం కోసం అర్థశాస్త్రవేత్త నికొలస్ స్టెర్న్ 2006లో ఇచ్చిన సమీక్ష 1.4 దగ్గర నిలిచింది. అమెరికన్ అర్థశాస్త్రవేత్త విలియం నార్డ్‌హాస్ వంటివారు అంతకన్నా బాగా ఎక్కువ రేటు వాడారు.

ఆ 1.4 ఎక్కడి నుంచి వచ్చింది? మూడు అంకెల నుంచి. రాబోయే తరాలవాళ్లు పుట్టింది ఆలస్యంగా అన్న ఒక్క కారణానికి వాళ్ల మేలుకు ఎంత తక్కువ విలువ ఇస్తాం అన్నది మొదటిది. స్టెర్న్ దాన్ని 0.1 అన్నాడు. అది కూడా మానవజాతి అంతరించిపోయే అవకాశం కోసమే. వాళ్లు మనకన్నా సంపన్నులై ఉంటారన్న అంచనా రెండోది, ఏడాదికి 1.3 శాతం వృద్ధి. సంపన్నుడి చేతిలో అదనపు రూపాయికి విలువ ఎంత తగ్గుతుందన్నది మూడోది, 1. ఒకటిని 1.3తో హెచ్చవేసి 0.1 కలిపితే 1.4. మొదటిది పచ్చి నీతిశాస్త్రం. రెండోది ఆర్థిక చరిత్ర. మూడోది రెండూ కలిసినది. బ్యాంకు వడ్డీని చూసి ఈ రేటు తీసుకోవాలనే అర్థశాస్త్రవేత్త, వడ్డీ రేటుకు నీతి చెప్పే హక్కు ఎక్కడిదనే తత్వవేత్త ఒకే గదిలో నిలబడి వాదించుకోవాలి. వారం పది రోజులు పట్టినా పట్టనివ్వండి. ఈ ఒక్క అంకె మీద నడిచే క్లాసు ఏ 'పర్యావరణ నీతి' పరిచయం కన్నా ఎక్కువ నేర్పుతుంది.

శాస్త్రాలు ఒకదాన్నొకటి దిద్దుకున్న ఉదాహరణలు కూడా పాఠ్యాంశంలో ఉండాలి. ఉమ్మడి వనరులు అందరివీ అయితే నాశనం కాక తప్పదని 1968లో గ్యారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త వాదించాడు, అది వేదవాక్కులా చెలామణి అయింది. రాజనీతి శాస్త్రవేత్త ఎలినర్ ఆస్ట్రమ్ మత్స్యకారులు, రైతులు, పశుపాలకులు నిజంగా ఏం చేస్తున్నారో చూసి, హద్దులు, నిఘా, మెట్లుమెట్లుగా పెరిగే జరిమానా ఉన్నచోట ఉమ్మడి వనరులు తరతరాలు నిలిచాయని చూపింది. 2009లో ఆమెకు అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. హార్డిన్‌ను మాత్రమే చదివించి పంపే ఎకాలజీ కోర్సులు ఇంకా ఉన్నాయి.

బంగ్లాదేశ్ గొట్టపు బావులది ఇంకో రకం పాఠం. చెరువు నీటితో వచ్చే అతిసారం నుంచి పిల్లల్ని కాపాడాలని 1970ల నుంచి యునిసెఫ్ వంటి సంస్థల సాయంతో బావులు తవ్వారు. లోపలి అవక్షేపాల్లో ప్రాణవాయువు లేని చోట ఇనుప ఆక్సైడ్‌ల నుంచి ఆర్సెనిక్ విడిపోయి నీటిలోకి వస్తుందని ఆనాడు ఎవరూ పరీక్షించలేదు. తర్వాత దాదాపు 50 లక్షల బావులు పరీక్షిస్తే సుమారు 14 లక్షలు లీటరుకు 50 మైక్రోగ్రాముల జాతీయ పరిమితి దాటాయి. చెడ్డవాటికి ఎరుపు, మంచివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. రంగు వేయడం రసాయన పరీక్ష పని. పక్కింటివాళ్ల పెరట్లో ఉన్న ఆకుపచ్చ బావి దగ్గరికి రోజూ ఎవరు వెళ్లాలి, ఎవరు వెళ్లనిస్తారు అన్నది సామాజిక శాస్త్రం పని. రెండో ప్రశ్న లేకుండా మొదటి జవాబు సగమే.

నాలుగో ఏడాది ప్రాజెక్టులో నలుగురైదుగురి బృందాలు పెట్టండి, సొంత శాస్త్రాలు వేరువేరుగా ఉండేలా. ఇక్కడ తప్పు ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే: లెక్కలొచ్చినవాడు గ్రాఫులన్నీ వేస్తాడు, రాయడమొచ్చినామె నివేదికంతా రాస్తుంది, మిగిలినవాళ్లు స్లైడ్లు. మళ్లీ ఎవరి కొట్టు వారిదే. దీనికి మందు ఉంది. ప్రతి విద్యార్థీ తనది కాని పద్ధతి గురించిన భాగం రాయాలి. చివర్లో ఒక్కొక్కరినీ విడిగా ఇరవై నిమిషాలు మౌఖికంగా పరీక్షించాలి, అందులో ఎక్కువ ప్రశ్నలు పక్కవాళ్ల భాగం మీద వేయాలి. బయటి సంస్థతో కలిసి చేస్తే ఒక పేజీ ఒప్పందం చాలు. కానీ అందులో ఒక వాక్యం తప్పనిసరి: ముసాయిదా చూసి పొరపాట్లు చెప్పే హక్కు సంస్థకు ఉంటుంది, ఫలితాన్ని ఆపే హక్కు ఉండదు. ప్రభుత్వ పత్రాలు అడగాల్సిన ప్రాజెక్టయితే సెమిస్టరు లోపల రావు. ముందు బ్యాచ్ దరఖాస్తు పెట్టాలి, తర్వాతి బ్యాచ్ వాడుకోవాలి. ఆ కాగితాలన్నీ దాచే బీరువా బాధ్యత ఒకరికి అప్పగించండి.

క్యాంపస్‌నే ప్రయోగశాల చేసుకోవచ్చు, మంచిదే. అయితే మూడు నాలుగు భవనాలకు కలిపి ఒకే కరెంటు మీటరున్న చోట ఏ భవనం ఎంత వాడుతోందో తేల్చలేరు. మీటర్లు విడగొట్టాకే ఆ ప్రాజెక్టు తలపెట్టండి.

అధ్యాపకుల సంగతి వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే మేజర్లు చచ్చిపోయేది ఇక్కడే. ఉమ్మడి నియామకం అంటే కొత్తగా చేరిన వ్యక్తికి రెండు విభాగాల సమావేశాలు, రెండింటి కమిటీలు, రెండింటి అంచనాలు. పదోన్నతి సమయంలో అర్థశాస్త్రం వాళ్లు ఈ వ్యాసాలు మా పత్రికల్లో రాలేదంటారు, బయాలజీ వాళ్లు ఇది మా పనే కాదంటారు. నియామక పత్రంలోనే నాలుగు సంగతులు రాయించండి: ఏ విభాగం మాతృ విభాగం, ఏటా ఎన్ని కోర్సులు ఎక్కడ, సమీక్ష కమిటీలో పర్యావరణ అధ్యయనాల తరఫున ఎవరు కూర్చుంటారు, ఎలాంటి ప్రచురణలు లెక్కలోకి వస్తాయి. సమావేశాల భారం ఒక విభాగానికే పరిమితం చేయండి. నోటిమాట ఒప్పందాలు విభాగాధిపతి మారగానే ఆవిరైపోతాయి.

చివరిగా టైంటేబుల్. ఇది రిజిస్ట్రార్ ఆఫీసు వ్యవహారమని కౌన్సిల్ పట్టించుకోదు కానీ, విభాగాలు కలవకుండా అడ్డుపడేది సిద్ధాంతాల కన్నా ఎక్కువగా ఇదే. కెమిస్ట్రీ, బయాలజీ ప్రయోగాలు మధ్యాహ్నం మూడేసి గంటలు నడుస్తాయి. క్షేత్రపర్యటనకు కూడా అదే సమయం కావాలి. సైన్సు విద్యార్థులు రాలేరు, మిగిలినవాళ్లతోనే క్షేత్రానికి వెళ్తారు, బృందాల్లో శాస్త్రాల కలయిక మొదటి వారంలోనే ముగిసిపోతుంది. వారంలో ఒక మధ్యాహ్నం, కనీసం నాలుగు గంటలు, ఏ విభాగమూ ప్రయోగశాల పెట్టకూడదని కౌన్సిల్ తీర్మానం చేయాలి. రిజిస్ట్రార్ మర్నాటికల్లా పది అభ్యంతరాలు పంపుతారు. వాటిలో వాహనాల కొరత ఒక్కటే నిజమైనది.

మీ ముందుకు వచ్చే ముసాయిదా మొదటి పేజీలోనే మూడు వివరాలుండాలని నియమం పెట్టండి: మొదటి కోర్సును కలిసి బోధించే ఇద్దరి పేర్లు, వాళ్లిద్దరికీ లెక్కగట్టే బోధనా భారం, ఖాళీగా ఉంచిన ఆ మధ్యాహ్నం వారంలో ఏ రోజో. మూడింటిలో ఏది లేకపోయినా చర్చకు పెట్టకుండా వెనక్కి పంపండి.

ఇట్లు,
పర్యావరణ అధ్యయనాలు బోధిస్తున్న అధ్యాపకులం